గుమ్మడికాయ మీద ఏకగ్రీవ తీర్మానం

ఒరిబెత్సు పట్టణ సభ సెప్టెంబరు రెండో మంగళవారం నాడు అత్యవసరంగా సమావేశమై, రెండు గంటల నలభై నిమిషాల పాటు చర్చించి, మధ్యలో ఒకసారి బార్లీ టీ తాగి, తప్పు గుమ్మడికాయదేనని ఏకగ్రీవంగా తీర్మానించింది.

తీర్మానం ప్రతిని కార్యాలయం ముందున్న నోటీసు బోర్డుకు అంటించారు. దాని పక్కనే, దారిలో ఎలుగుబంటి ఎదురైతే కంగారు పడరాదన్న నోటీసు ఉంది. కంగారు పడకపోవడం మా పట్టణ పరిపాలనకు మూలసూత్రం. ఎలుగుబంట్లకు ఈ సంగతి తెలుసు.

జరిగింది చిన్న విషయమే. మా సహకార సంఘం ఏటా ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవి నుంచి పెద్ద నగరాలకు పంపే గుమ్మడికాయల్లో ఒక బుట్టను ప్రయోగశాలవాళ్లు కోసి చూశారు. అందులో హెప్టాక్లోర్ అనే పురుగుమందు, ఉండదగిన దానికంటే కొద్దిగా ఎక్కువ కనబడింది. ఆ మందును దేశంలో ముప్పై ఏళ్లకు పైగా ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. దాని పేరు పలకడం కూడా సభ్యుల్లో సగం మందికి రాలేదు. ఆ బుట్ట ఒగినో మిత్సు అనే డెబ్బై ఆరేళ్ల విధవరాలి పొలంలోది. పట్టణంలో అందరికంటే మంచి గుమ్మడికాయలు ఆవిడవే గనక నమూనాగా ఆవిడ బుట్టనే పంపారు. మంచివాటిని ముందు పెట్టడంలో ఉన్న ప్రమాదం అప్పుడు తెలిసింది.

విశ్వవిద్యాలయం నుంచి సెరిజావా అనే ప్రొఫెసర్ వచ్చి సభకు విషయం వివరించింది. ఆవిడ సుద్దముక్క పట్టుకుని, పసిపిల్లలకు చెప్పినంత ఓపికగా చెప్పింది.

"ఈ మందు నీళ్లలో కరగదండి. మట్టిలో చివికిన ఆకూ ఎరువూ ఉంటాయే, వాటిని పట్టుకుని ఏళ్ల తరబడి అలాగే కూర్చుంటుంది. బంగాళాదుంప, చిక్కుడు, మొక్కజొన్న దాని జోలికి అంతగా పోవు. గుమ్మడి వేరు మాత్రం దాని పట్టు విడిపించి లోపలికి పీల్చుకుంటుంది. తీగ వెంట కాయదాకా మోసుకుపోతుంది. ఎందుకింత శ్రద్ధ అంటే, మాకూ పూర్తిగా తెలీదు."

సభ్యులకు మాత్రం పూర్తిగా తెలిసిపోయింది. తక్కిన పంటలన్నీ కింద ఏముందో చూసీ చూడనట్టు ఊరుకుని, తమ పని తాము చేసుకుంటున్నాయి. గుమ్మడి ఒక్కటే పాత విషయాలు తవ్వి పైకి తెస్తోంది. కార్యాలయంలో కూడా ఒకప్పుడు పాత దస్త్రాలు తిరగేసే అలవాటున్న ఉద్యోగి ఒకడుండేవాడు. అతన్ని ఓడరేవుకు బదిలీ చేశాక అందరూ సుఖంగా ఉన్నారు. మేయర్ హిరోనకా లేచి, ఒరిబెత్సు మట్టి నిర్దోషి అనీ, ఒరిబెత్సు రైతు నిర్దోషి అనీ, ఒరిబెత్సు పరిపాలన ఎప్పటినుంచో నిర్దోషి అనీ ప్రకటించాడు. మిగిలింది గుమ్మడికాయ ఒక్కటే.

ఆ సభకు ముద్దాయి తరఫున హాజరైనవాడు కుమెదా తెరువో ఒక్కడే. ఆయన గుమ్మడికాయ లోపల ఉన్నాడు.

కుమెదాకు అరవై రెండేళ్లు. ముప్పై ఏడేళ్లు మా ప్రాంతానికి వ్యవసాయ సలహాదారుగా పనిచేసి పదవీ విరమణ చేశాడు. అనుభవజ్ఞుల సేవలను పట్టణాభివృద్ధికి వినియోగించుకునే పథకం కింద ఆయన్ని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. ముప్పై ఏడేళ్ల అనుభవాన్ని ఎక్కడ వినియోగించాలా అని కార్యాలయం చాలా రోజులు ఆలోచించి, చివరికి ఆయన ఎత్తు కొలిచి, కాబోమారు వేషానికి సరిగ్గా సరిపోతాడని నిర్ణయించింది. కాబోమారు మా పట్టణ చిహ్నం. నవ్వుతున్న గుమ్మడికాయ. ఆకుపచ్చ స్పాంజితో చేసిన పెద్ద బుర్ర, పొట్టి చేతులు, కింద రబ్బరు బూట్లు. వేషంలో ఉన్నవారు మాట్లాడరాదన్నది నియమావళిలో నాలుగో అంశం.

కుమెదా దీనికి చిన్నబుచ్చుకోలేదు. తన గురించి తనకు పెద్ద భ్రమలు లేవని చెప్పుకునేవాళ్లలో ఆయన ఒకడు. అదే ఆయనకున్న పెద్ద భ్రమ. ఇన్నేళ్లూ తను మాట్లాడితే రైతులు కునికిపాట్లు పడ్డారనీ, ఇప్పుడు నోరు మూసుకుంటే పిల్లలు చప్పట్లు కొడుతున్నారనీ భార్య చిజురుతో అన్నాడు. ఆ నాలుగో అంశాన్ని ఇంట్లో కూడా అమలు చేస్తే తనూ చప్పట్లు కొడతానని ఆవిడ అంది.

సభలో ఒక సభ్యుడు అనవసరంగా లేచి, అసలు ఆ రోజుల్లో ఈ మందు చల్లమని రైతులకు చెప్పిందెవరో అని అడిగాడు. కాబోమారు లోపల కుమెదా చేతులు రెండూ వాటంతట అవే భుజాల మీదికి వెళ్లాయి. వేషం పట్టీలు ఒరుసుకుని అక్కడ చర్మం మండుతోంది, అంతే. అయినా గుమ్మడికాయకు భుజాలుండవు గనక ఎవరూ గమనించలేదు.

మర్నాడు విలేకరుల ముందు క్షమాపణ కార్యక్రమం జరిగింది. మేయరు, సహకార సంఘం అధ్యక్షుడు ఇవాబుచి, మధ్యలో కాబోమారు వరుసగా నిలబడి నడుము వరకు వంగారు. ఇలాంటి సందర్భాల్లో ఎన్ని క్షణాలు వంగి ఉండాలో దేశమంతటికీ ఒక లెక్క ఉంది. మేయరు లెక్క ప్రకారం లేచాడు. ఇవాబుచి నడుంనొప్పి వల్ల కొంచెం ముందే లేచాడు. కాబోమారు లేవలేకపోయాడు. స్పాంజి బుర్ర బరువుకు ముందుకు తూలి, బల్లకు ఆని, అలాగే ఉండిపోయాడు. ఇద్దరు గుమాస్తాలు వచ్చి వెనక్కి లాగేదాకా రెండు నిమిషాలు పట్టింది. పత్రికలు ఆ ఫొటోనే వేశాయి. ఇంతటి చిత్తశుద్ధితో కూడిన క్షమాపణ ఈ మధ్యకాలంలో చూడలేదని రాశాయి. ఇంటికి వెళ్లాక కుమెదా ఆ ఫొటో చూసి, జీవితంలో ఒక్కసారి నిజంగా తప్పు చేసినవాడే తలవంచాడు, అదీ తూలిపడి, అనుకున్నాడు.

ఎందుకంటే మందు చల్లమని చెప్పింది ఆయనే.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుమెదా మోటారుసైకిల్ వెనక తెల్లపొడి బస్తాలు కట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. దుంపల్ని తొలిచే పురుగు పోవాలంటే దున్నేముందు మట్టిలో ఆ పొడి కలపాలి. పై అధికారులు చెప్పారు, పుస్తకంలో ఉంది, ఆయన నమ్మాడు. నమ్మడంలో ఆయన్ని మించినవాడు జిల్లాలో లేడు. రైతులు మొదట సందేహించారు. అందరికంటే మొండివాడు మిత్సు భర్త గెన్‌కిచి. కుమెదా కంటే పదిహేనేళ్లు పెద్ద, ఆయన్ని సొంత తమ్ముడిలా చూసుకునేవాడు, కానీ పొలం గట్టు మీద మాత్రం రెండుసార్లు వెనక్కి పంపేశాడు. మూడోసారి వెళ్తే, అంత మంచి మందైతే చేత్తో కలిపి, ఆ చేత్తోనే అన్నం తిని చూపించమన్నాడు. కుమెదా చొక్కా చేతులు మడిచి పొడిని మోచేతుల దాకా మట్టిలో కలిపి, మిత్సు చేసి తెచ్చిన అన్నం ముద్దలు మూడు అక్కడే కూర్చుని తిన్నాడు. చదువుకున్నవాడు, వాడే తింటుంటే మనకేమిటని గెన్‌కిచి తలవంచాడు. ఆ సంతోషంలో కుమెదా ఒక పాలు చాలిన చోట ఒకటిన్నర పాళ్లు తన చేతులతోనే చల్లిపెట్టాడు. అభిమానం కొద్దీ అన్నమాట.

ఆ సంవత్సరం లక్ష్యం నూటికి నూట పద్దెనిమిది నెరవేరింది. కుమెదాకు ప్రశంసాపత్రం వచ్చింది. మరి నాలుగైదేళ్లకు ఆ మందు వాడకూడదని పైనుంచి కబురొచ్చింది. కుమెదా అదే మోటారుసైకిల్ మీద, అదే ఉత్సాహంతో, ఆ సంగతి కూడా ఇంటింటికీ చెప్పివచ్చాడు. అక్కడితో అది అయిపోయిందనుకున్నాడు. మట్టికి కబురందలేదు.

సరే, ఇప్పటి సంగతికి వద్దాం. పట్టణం మూలకారణ పరిశీలనా సంఘాన్ని వేసింది. ఆ కాలపు సలహాదారుల్లో ఇంకెవరూ బతికిలేరు గనక కుమెదానే అందులో నిపుణుడిగా నియమించింది. వేషం విప్పి, కోటు తొడుక్కుని ఆయన మొదటి సమావేశానికి వెళ్లాడు. ఏ పొలంలో ఎంత చల్లారో తెలిపే కాగితాలు కార్యాలయంలో లేవు. నిబంధన ప్రకారం ఏ కాగితమైనా అయిదేళ్లే ఉంచుతారు, ఆ తర్వాత యంత్రంలో వేసి ముక్కలు చేస్తారు. అన్ని పొలాలనూ పరీక్ష చేయిద్దామని ప్రొఫెసర్ అంది. అన్ని పొలాలనూ చేస్తే అన్ని పొలాల్లోనూ తేలుతుందేమో అని ఇవాబుచి అన్నాడు. ఈ వాదనలోని బలాన్ని సంఘం గుర్తించింది.

నివేదిక రాసే పని కుమెదా మీద పడింది. ఆయన మూడు రోజులు కూర్చుని రాసిన వాక్యం ఇది: "ఆ కాలమున కొన్ని పొలములయందు మందు చల్లబడినది." ఎవరు చల్లారన్నది లేకుండా వాక్యం నిలబడటం చూసి ఆయనకే ముచ్చటేసింది. మందు చల్లబడింది, ఇక విషయం కూడా చల్లబడుతుందని ఆశపడ్డాడు.

ఇవాబుచి ఒప్పుకోలేదు. సరుకు కొనే కంపెనీలవాళ్లు కారణం అడుగుతున్నారట, కాలం కారణమంటే వాళ్ల ఫారంలో ఆ గడి లేదట.

"ఓ పేరుండాలండీ కుమెదా గారూ. చనిపోయినవాళ్లదైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు. బుట్ట ఎలాగూ గెన్‌కిచి పొలంలోదే. ఆయన మొండివాడని మీరే ఎన్నోసార్లు అన్నారు కదా."

నివేదిక మారింది. నాటి సలహాదారుల సూచనలను పాటించక ఒక రైతు మోతాదు మించి చల్లుకున్నందువల్ల ఈ సంఘటన జరిగిందనీ, అది ఆ ఒక్క పొలానికే పరిమితమనీ తేల్చారు. కింద అందరూ ముద్రలు వేశారు. కుమెదా కూడా వేశాడు. తన పేరు ముద్ర ఎప్పుడూ వంకరగా పడేదనీ, ఆ రోజే నిటారుగా, సిరా ఎక్కడా చెదరకుండా పడిందనీ ఆయనే తర్వాత అందరికీ చెప్పేవాడు.

పది రోజులకు పొద్దున్నే మిత్సు ఆయన ఇంటికి వచ్చింది. చావులకు కట్టుకునే నల్ల కిమోనో కట్టుకుంది. చేతిలో తీపి బిళ్లల పెట్టె, చక్కగా గుడ్డలో మూటగట్టి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు. చెప్పులు విడిచే చోటే మోకాళ్లమీద కూర్చుని, నుదురు నేలకు తాకేలా వంగింది.

"మాస్టారూ, మా ఆయన తరఫున క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను. మీరు చెప్పిన లెక్క మించి చల్లాడట కదా. బతికున్నన్నాళ్లూ ఎవరి మాటా వినలేదు. పోయాక ఊరి మీదికి తెచ్చాడు. మీ మొహం చూడ్డానికి కూడా నాకు సిగ్గుగా ఉంది."

కుమెదా ఏదో అనబోయాడు. ఆవిడ వినిపించుకోలేదు.

"వారం రోజులుగా ఆయన ఫొటో ముందు అన్నం పెట్టడం మానేశాను. ఫొటోని గోడవైపు తిప్పేశాను. పక్కింటివాళ్లు వచ్చి అడిగితే అదే చూపిస్తున్నాను."

ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున వండిన అన్నంలో మొదటి గరిటె ఆ ఫొటోకే పెట్టిన మనిషి ఆవిడ. నియమావళి నాలుగో అంశం ఆయన ఇంట్లో మొదటిసారి అమలైంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మిత్సు తీపి బిళ్లల పెట్టె గుమ్మంలో పెట్టి, మరోసారి వంగి వెళ్లిపోయింది.

చిజురు వంటగదిలోంచి అంతా వింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏమండీ, మీ పాత నోటుపుస్తకాలు నేను పారెయ్యలేదు. ముల్లంగి ఊరేసే పీపా మూత మీద బరువుకి పెట్టాను. పద్నాలుగూ ఉన్నాయి," అంది.

కుమెదా వెనకగదిలోకి వెళ్లి చూశాడు. ముల్లంగి వాసన పీల్చుకుని పుస్తకాలు పచ్చబడ్డాయి గానీ అక్షరాలు చెదరలేదు. పొలం నంబరు, తేదీ, పాళ్లు, రైతు స్వభావం. ఆ వయసులో ఆయన తన సేవను భావితరాల కోసం రాసిపెట్టుకున్నాడు. ఏడో పుస్తకంలో ఒకచోట ఇలా ఉంది: "ఒగినో గెన్‌కిచి, నదివైపు పొలం. మొండి. మూడోసారికి ఒప్పుకున్నాడు. ఒకటిన్నర పాళ్లు, స్వహస్తాలతో." స్వహస్తాలతో అన్న మాట కింద ఎర్రగీత కూడా గీసి ఉంది. చదివి ఆయన పీపా పక్కనే చాలాసేపు కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. చిజురు బలవంతం చెయ్యలేదు.

ఆదివారం పొద్దున పట్టణ భవనంలో రైతులకు నివేదిక వివరించే సభ పెట్టారు. రెండువందల మంది దాకా వచ్చారు. మిత్సు చివరి వరసలో, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆవిడకు రెండువైపులా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మేయరు నివేదిక చదివాడు. చివర్లో కాబోమారు వచ్చి వంగాలి. ఈసారి పడిపోకుండా ఇద్దరు గుమాస్తాలను వెనక నిలబెట్టారు.

కాబోమారు వచ్చాడు. వంగలేదు. పొట్టి చేతులతో తన బుర్రను పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. అది లోపలినుంచి ఒక్కడే ఊడదీసుకునే వస్తువు కాదు. ఆయన చాలాసేపు పెనుగులాడాడు. ముందు వరస పిల్లలు ఇదొక ఆటనుకుని నవ్వారు. చివరికి చిజురు లేచివెళ్లి వెనక కొక్కీ విప్పింది. చెమటతో తడిసి, జుట్టు అంటుకుపోయిన కుమెదా తల గుమ్మడికాయలోంచి బయటికొచ్చింది.

"గెన్‌కిచి అన్న రెండుసార్లు వద్దన్నాడు," అన్నాడాయన. "ఒప్పించింది నేను. చల్లింది నేను. ఎక్కువ చల్లింది కూడా నేనే. రాసింది అబద్ధమని తెలిసీ ముద్ర వేశాను."

ఇంకా చాలా చెప్పాడు. అన్నం ముద్దల సంగతి చెప్పాడు, ప్రశంసాపత్రం సంగతి చెప్పాడు. తిట్లకు సిద్ధపడే వచ్చాడు. ఎవరైనా బూటు విసిరితే తగలకుండా ఉండాలనే వేషం కింది భాగం విప్పలేదని చిజురు తర్వాత అంది, అందులో కొంత నిజం ఉంది. మిత్సు మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయింది.

ఎవరూ బూటు విసరలేదు. హాలంతా నిట్టూర్చింది. రోజులే అలాంటివి అని ఒకాయన అన్నాడు. అవునవును అని పదిమంది అన్నారు. మేయర్ హిరోనకా ఇలాంటి అవకాశాన్ని వదులుకునే మనిషి కాదు. వెంటనే మైకు అందుకున్నాడు.

"చేసిన పొరపాటును నలుగురిలో ఒప్పుకునే సలహాదారు ఏ పట్టణానికుంటాడు? కుమెదా గారి నిజాయితీ ఒరిబెత్సు సంప్రదాయానికి నిదర్శనం. వారిని ఉచితరీతిన సత్కరించుకోవడం మన బాధ్యత."

చప్పట్లు మోగాయి. సత్కారానికి తేదీ కూడా అక్కడే అనుకున్నారు. శిక్షకోసం తల బయటపెట్టిన మనిషికి రెండో ప్రశంసాపత్రం రాబోతోంది. ఆయన గాభరాపడి, చిజురు సంచిలోంచి పద్నాలుగు నోటుపుస్తకాలూ తీసి బల్ల మీద పెట్టాడు. ఒగినో పొలం ఒక్కటే కాదనీ, నూట ముప్పై ఆరు పొలాలు నంబర్లతో సహా ఇందులో ఉన్నాయనీ, వీటిని చూసి వాటినే పరీక్ష చేయిస్తే చాలనీ అన్నాడు.

అప్పుడొచ్చింది కోపం.

నుమాజిరి అనే రైతు కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. పెద్దమనిషి, ఎప్పుడూ గొంతు పెంచనివాడు.

"చల్లారు, సరే. మందన్నాక చల్లుతారు. రాసిపెట్టడమేమిటి మాస్టారూ? మా నాన్న పేరు, పొలం నంబరు, తేదీ. మేం మీకేం అన్యాయం చేశాం?"

హాలంతా ఆయన వైపే మాట్లాడింది. విషం పెట్టినవాణ్ణి రెండు నిమిషాల కింద క్షమించిన మనుషులు, దాన్ని రాసిపెట్టినవాణ్ణి క్షమించలేకపోయారు. సత్కారం అక్కడికక్కడే రద్దయింది. కుమెదాకు ఒక్కక్షణం ఊరటగా కూడా అనిపించింది, ఎట్టకేలకు తిట్లు పడుతున్నాయి గదా అని. కానీ అవి పడవలసిన చోట పడటం లేదు.

తర్వాతి వారమంతా రైతులు ఒక్కొక్కరే ఉల్లిపాయలో, ఎండుచేపలో పట్టుకుని ఆయన వంటింటి తలుపు తట్టారు. తమ పొలం అందులో లేదు కదా అని కొందరు అడిగారు. తమది వద్దుగానీ పక్కవాడిది ఎంతో చెప్పమని ఎక్కువమంది అడిగారు. శుక్రవారం నాడు కార్యాలయం నుంచి మర్యాదపూర్వకమైన ఉత్తరం వచ్చింది. అధికార విధుల్లో భాగంగా రాసిన పుస్తకాలు గనక అవి కార్యాలయం ఆస్తి అనీ, అయిదేళ్ల గడువు దాటి ముప్పై మూడేళ్లయింది గనక వాటిని ధ్వంసం చేయడంలో ఇప్పటికే విపరీతమైన ఆలస్యం జరిగిందనీ, అందుకు చింతిస్తున్నామనీ అందులో ఉంది. గుమాస్తా వచ్చి పుస్తకాలు తీసుకుని రసీదు ఇచ్చాడు. యంత్రంలోంచి వచ్చిన కాగితపు ముక్కల్ని పశువుల కొట్టాల్లో ఆవుల కింద పరిచారు. అవి పేడతో కలిసి ఎరువయ్యాయి. ఆ విధంగా సమాచారమంతా ఏ పొలానిది ఆ పొలానికి కాకపోయినా, మొత్తానికి పొలాలకే చేరింది.

ఒక్క కాగితం మాత్రం కుమెదా ముందే చింపుకున్నాడు. సభ జరిగిన మర్నాడే దాన్ని జేబులో పెట్టుకుని మిత్సు ఇంటికి వెళ్లాడు. ఆవిడ పెరట్లో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. కాగితం అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఎర్రగీతతో సహా చదివింది.

"మూడు ముద్దలు తిన్నావు," అంది. "ఉప్పెక్కువైందని వంక కూడా పెట్టావు."

ముప్పై ఎనిమిదేళ్లలో ఆవిడ ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

"వదినా, నేను..."

"నాకు చెప్పకు. లోపలికెళ్లి ఆయనకి చెప్పు. ఫొటో తిప్పి చెప్పు."

కుమెదా లోపలికి వెళ్లాడు. గోడవైపు తిరిగి ఉన్న ఫొటోను రెండు చేతులతో ఇటు తిప్పి, దాని ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. గెన్‌కిచి అదే మొండి మొహంతో చూస్తున్నాడు. సభలో రెండువందల మంది ముందు గలగలా మాట్లాడిన మనిషి ఇక్కడ ఏవో నాలుగు మాటలు గొణిగాడు.

"గట్టిగా. ఆయనకి చెవుడని మర్చిపోయావా?" అంది మిత్సు వెనకనుంచి.

గట్టిగానే చెప్పాడు. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పాడు. ఆవిడ అంతసేపూ నిలబడే ఉంది. తర్వాత కొత్తగా వండిన అన్నం చిన్న గిన్నెలో తెచ్చి ఫొటో ముందు పెట్టింది. కుమెదాకు టీ ఇవ్వలేదు.

శీతాకాలంలో ప్రొఫెసర్ సెరిజావా మళ్లీ వచ్చినప్పుడు మిత్సు ఆవిణ్ణి ఒకటే అడిగింది, గుమ్మడి అంత బాగా పీల్చేదైతే పొలమంతా దానితోనే పీల్పించెయ్యకూడదా అని. చెయ్యొచ్చంది ప్రొఫెసర్. ఏటా గుమ్మడి వేసి, కాయలూ తీగలూ వేర్లూ ఒక్కటి వదలకుండా పీకి, ప్రత్యేకమైన కొలిమిలో కాల్చెయ్యాలి. ఎన్నేళ్లు పడుతుందంటే, ముప్పై పట్టొచ్చు, ఇంకా పట్టొచ్చు. మిత్సు తన వయసు లెక్కేసుకోలేదు. కుమెదా వయసు లెక్కేసింది. పీకేదీ మోసేదీ వాడే గనక.

పట్టణం అప్పటికి గుమ్మడిని పూర్తిగా మానేసింది. కలుషితమైన గుమ్మడికాయ ఒక్కటీ లేని పట్టణమని పెద్ద పోస్టర్లు వేసుకుంది. అందులో అబద్ధమేమీ లేదు, ఏ రకం గుమ్మడికాయా లేదు. కాబోమారు వేషాన్ని అటకెక్కించి, కుమెదా ఉద్యోగాన్ని కూడా దానితోపాటే ఎక్కించారు. ఒగినో పొలానికి మాత్రం చాలా దరఖాస్తుల తర్వాత, రోడ్డుమీదికి కనబడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలన్న షరతుతో అనుమతి ఇచ్చారు. బోర్డు కుమెదానే రాశాడు. "ఈ మట్టిలో విషం ఉంది. ఈ కాయలు తినరాదు. పొలం ఒగినో మిత్సుది. విషం కలిపినవాడు కుమెదా తెరువో." చేతిరాత బాగుందని చిజురు మెచ్చుకుంది. పోస్టరు మీద ముద్రించిన పట్టణం పటంలో ఆ పొలం ఉన్నచోట తెల్లగా వదిలేశారు.

రెండో ఏడు కాయలు విరగకాశాయి. విషం తాగినకొద్దీ నిగనిగలాడుతున్నట్టు, అంత బరువైన కాయలు ఆ పొలంలో మునుపెప్పుడూ రాలేదు. మిత్సు పొద్దున్నే తీగలు కోస్తుంటే కుమెదా మోకాలి నొప్పితో మూలుగుతూ వాటిని చిన్న ట్రక్కుకి ఎత్తుతున్నాడు. టీ ఇప్పుడు ఇస్తోంది గానీ నువ్వు అనడం మానలేదు.

ఆ సమయానికి నగరం నుంచి వచ్చిన కారొకటి రోడ్డు పక్కన ఆగింది. అందులోంచి టోపీ పెట్టుకున్న ఒకావిడ దిగి, బోర్డు మొదటినుంచి చివరిదాకా చదివి, మళ్లీ చదివింది. విషయమేమిటని అడిగింది. కుమెదా ట్రక్కు దిగి, మట్టి సంగతీ వేరు సంగతీ పావుగంట చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, ఇలా ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ అని మెచ్చుకుని, బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. తర్వాత రోడ్డు దాటి, ఎదురుగా నుమాజిరి పెట్టిన చిన్న బల్ల దగ్గరికి వెళ్లింది. బల్ల మీద అప్పుడే కోసిన లేత కీరదోసకాయలు నీళ్లలో తేలుతున్నాయి.

కుమెదా ఆవిడ వెనకే కుంటుకుంటూ పరిగెత్తాడు.

"అమ్మా, దోస కూడా గుమ్మడి కుటుంబమేనండి. అదీ అలాగే పీలుస్తుంది. ఈయన పొలంలో కూడా మందు చల్లింది నేనే."

నుమాజిరి తల తిప్పుకుని సంచులు సర్దుకుంటున్నాడు. ఆవిడ కుమెదా వైపు జాలిగా చూసింది.

"వీటిని పరీక్ష చేశారా?"

"లేదండి. తీర్మానంలో గుమ్మడికాయ అనే ఉంది. దోసను ఎవరూ చెయ్యరు."

"మరి చెయ్యకుండానే ఉందని ఎలా అంటారండీ? అయినా ఇక్కడ బోర్డేమీ లేదుగా."

ఆవిడ ఆరు దోసకాయలు కొని, ఒకటి అక్కడే ఉప్పద్దుకుని కొరికింది. చాలా బాగుందంది. నుమాజిరి ఇంకొకటి ఊరికే ఇచ్చాడు.

ఆవిడ చెప్పింది నిజమే. మా ఒరిబెత్సు దోసకాయలు చాలా బాగుంటాయి. మేమందరం తింటాం, కుమెదా తప్ప. మీరు ఎప్పుడైనా ఇటువైపు వస్తే మొహమాటపడకుండా అడగండి. మీ ఊళ్లో మీరు రోజూ కొనుక్కుంటున్నట్టే, బోర్డు లేని పొలంలోవి చూసి పెడతాం.